ఒక గీత జాస్తి

పోయిన వారం హరిత ఫోన్ చేసింది. తిరుపతిలో ఒక మెడికల్ కాలేజీలో, అనాటమీ విభాగంలో, నేను రిటైరయ్యాక ఖాళీ అయిన ఆర్టిస్టు కుర్చీలో ఇప్పుడు కూర్చున్న అమ్మాయి. శరీరం లోపల ఏది ఎక్కడ ఉంటుందో విద్యార్థులకు తెలిసేలా బొమ్మలు గీయడం మా పని.

“మ్యాడం, మీరేసిన కిడ్నీల చార్టు ఫైలు తెరిచినాను. ఎడమ కిడ్నీకి ఒక రక్తనాళం జాస్తిగా ఉండాది. కొత్త డిజిటల్ బోర్డులోకి ఎక్కించేలోపల దాన్ని తీసెయ్యమన్నారు సారు. అది ఏ లేయర్‌లో పెట్టినారు? ఎంత ఎతికినా కనపడలా.”

ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం వచ్చింది. రెండూ ఆపుకుని “రాసి పంపిస్తాలేమ్మా” అన్నాను.

“లేయర్ పేరు సెప్తే సాలు మ్యాడం, రాయడమెందుకు?” అంది.

పిచ్చిపిల్ల. ఆ ఒక్క గీత కోసం నేను ఉద్యోగం పోయినా సరేనని నిలబడిన రోజుందని దానికేం తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ చదువుకోవచ్చు. ఎప్పుడు చేరాను, ఏ ఏడు ఏ మెట్టెక్కాను అన్న సోది ఇందులో ఉండదు. నేను చేసిన తప్పులుంటాయి. చేయనని మొండికేసిన పని ఒకటుంటుంది.

గళ్ళ కాగితం

మాది నగరి. వీధి వీధంతా మగ్గాల చప్పుడు. మా నాయన మాత్రం నేసేవాడు కాదు, చీర అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం ముందు పెట్టుకుని, బ్లేడుతో సన్నగా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కో గడీ నింపేవాడు. ఒక గడి అంటే ఒక పోగు. నా చేతికి పెన్సిల్ వచ్చింది ఆయన పక్కన కూర్చునే.

ఆయన దగ్గర రబ్బరు ఉండేది కాదు. గడి తప్పితే దాని మీద చిన్న అడ్డగీత పెట్టి, పక్కన సరిగ్గా వేసేవాడు. నేను స్కూలు రబ్బరు తెచ్చి చెరపబోతే చేతిమీద ఒక్కటి వేశాడు.

“సెరిపేస్తే యాడ తప్పినామో మల్లా తెల్దు పాపా. తప్పు కండ్లకు కనపడతా ఉండాల. అప్పుడే సెయ్యి దాన్ని గుర్తు పెట్టుకుంటాది.”

ఇంకో మాట కూడా అనేవాడు. “ఒక గడి జాస్తి పడిందంటే చీర పొడుగునా జాస్తే.” అంచు డిజైను మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది కదా, కాగితం మీద ఒక్క గడి తప్పితే చీరలో అది పదుల చోట్ల తేలుతుంది. జాస్తి అనే మాట వింటేనే మా ఇంట్లో అందరికీ గుండె ఝల్లుమనేది.

నాయన దగ్గర నేర్చుకున్న ఒడుపు ఇంకొకటుంది. చీర మీది బుటా పువ్వు సగం గీసి, కాగితం మడతపెట్టి, వెనకనుంచి రుద్దితే రెండో సగం దానంతటదే పడుతుంది. సగం శ్రమతో పూర్తి బుటా. ఈ ఒడుపే నన్ను ఉద్యోగం ఇంటర్వ్యూలోనే నవ్వులపాలు చేసింది.

మడత

ఇంటర్వ్యూలో అప్పటి విభాగాధిపతి నన్ను ప్రశ్నలేమీ అడగలేదు. మేమంతా ఆయన్ను పెద్దసారు అనేవాళ్ళం. ఒక వెన్నుపూస నా చేతిలో పెట్టి, “గంట టైముంది. చూసి గీయమ్మా” అని వెళ్ళిపోయారు.

నాకు లోపల సంబరం. రెండువైపులా ఒకేలా ఉన్న ఎముక, బుటా కంటే సులువు. ఎడమ సగం బుద్ధిగా గీశాను. కాగితం మడిచాను. గోటితో రుద్దాను. అరగంటలో వెన్నుపూస తయారు. దానికి నీడలు కూడా దిద్ది, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

పెద్దసారు వచ్చి బొమ్మ చూశారు, మడత చూశారు, నన్ను చూశారు. “ఏమ్మా, దేవుడు మనిషిని మడతపెట్టి చేసినాడా?”

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. సిగ్గుతో నాకు చెవులు వేడెక్కాయి. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ ఎముకను మళ్ళీ నా చేతిలో పెట్టి కళ్ళు మూసుకుని తడమమన్నారు. తడిమాను. వెనకవైపు ముల్లులా పొడుచుకొచ్చిన కొన నిటారుగా లేదు, ఒకపక్కకు ఒరిగి ఉంది. ఒకవైపు రెక్క పొట్టిది, రెండోది కాస్త పొడుగు. కళ్ళు తెరిచి చూసినంతసేపూ కనపడనిది వేళ్ళకు తెలిసింది.

“నువ్వు ఎముకను గియ్యలేదు. ఎముక ఎలా ఉంటే బాగుంటుందో గీసినావు. రేపు మళ్ళీ రా” అన్నారు. మర్నాడు మడత లేకుండా గీశాను. వంకర ముల్లు వంకరగానే వచ్చింది. ఉద్యోగం ఇచ్చారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నా పని డిసెక్షన్ హాల్లో, దేహాలను కోసి చూపించే టేబుల్ పక్కన నిలబడి పెన్సిల్‌తో గీయడమే. దేహాలు చెడకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్ళల్లో నీళ్ళు కారేవి. మా బంధువుల్లో నన్ను ‘శవాల బొమ్మలేసే పిల్ల’ అనేవాళ్ళు. పెళ్ళిళ్ళలో నేను వడ్డిస్తే తినడానికి ఒకరిద్దరు వెనకాడారు. వాళ్ళ మీద నాకు జాలి లేదు, కోపం ఉంది. ఇప్పటికీ ఉంది. వాళ్ళకు ఆపరేషన్లు చేసిన డాక్టర్లు అలాంటి బొమ్మలు చూసి చదువుకున్నవాళ్ళే.

ఆ హాల్లో నాకు నిజమైన గురువు అటెండరు మునిరత్నం. పదో తరగతి దాటలేదు. దేహాలను తెచ్చి, కడిగి, భద్రపరిచే పని అతనిది. మనిషి లోపల ఏముందో అతను చూసినంత మా ప్రొఫెసర్లలో ఎంతమంది చూశారో నాకు అనుమానమే.

ట్యాబ్లెట్

నాకు నలభై ఏడో ఏట కంప్యూటర్‌లో బొమ్మలేసే పలక వచ్చింది. వచ్చిందని కాగితాల్లోనే ఉంది, నాకు మాత్రం అందలేదు. తీరా చూస్తే పార్శిల్ మీద ‘ట్యాబ్లెట్’ అని ఉందని దాన్ని ఎవరో మందుల స్టోర్లో దించేశారు. రెండు నెలలు జ్వరం బిళ్ళల డబ్బాల మధ్య ఉండి వచ్చింది పాపం.

మొదటి వారం ఏడుపొక్కటే తక్కువ. చెయ్యి బల్ల మీద, చూపు ఎదురుగా స్క్రీన్ మీద. పెన్ను గాజు మీద జారినట్టు జారుతుంది. కాగితం పెన్సిల్‌ను పట్టుకుంటుంది, ఇదేమో పట్టుకోదు. చివరికి పలక మీద ఒక బటర్ పేపర్ ముక్క అతికించాను. కొంచెం గరుకు వచ్చింది, చెయ్యి నిలబడింది. ఆ ఉపాయం ఎవరూ చెప్పింది కాదు, నాదే. ఇప్పుడు గరుకు షీట్లు బజార్లో దొరుకుతున్నాయట.

లేయర్లు తెలిసిన రోజున మాత్రం నేను దానికి దాసోహమన్నాను. చర్మం ఒక పొర, దాని కింద కండరాలు ఒక పొర, ధమనులు ఒకటి, సిరలు ఒకటి, అన్నిటికీ అడుగున ఎముక. ఏ పొర కావాలంటే అది తీసి చూపించవచ్చు. డిసెక్షన్ టేబుల్ మీద రోజుల తరబడి జరిగేది స్క్రీన్ మీద ఒక్క నొక్కుతో జరుగుతోంది. పెన్సిల్‌తో ఇది నేను జన్మలో చేయలేను.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. దేహమున్న టేబుల్ దగ్గర పెన్సిల్, నా గదిలో బల్ల దగ్గర పలక. చూసేటప్పుడు పెన్సిల్ కావాలి, ఎందుకంటే అది నిదానం. నిదానంగా గీస్తేనే కన్ను అక్కడ ఆగుతుంది. చూసినదాన్ని నలుగురికీ విప్పి చెప్పేటప్పుడు పలక కావాలి.

ఇందుకు రెండువైపులా తిట్లు తిన్నాను. ఊళ్ళో చిత్రకారుల ప్రదర్శనకు నా బొమ్మలు పంపితే ఒక పెద్దాయన “ఇది మిషను ఏసిన బొమ్మమ్మా” అని తిప్పి పంపాడు.

“పెన్సిలేమన్నా చెట్టుకు కాసిందా సార్? అదీ మిషను చేసిందే గదా” అన్నాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

రెండోవైపు వాళ్ళు కంప్యూటర్ నేర్చుకున్న కుర్రకారు. ఈ కాలంలో ఇంకా పెన్సిలా అని మూతి తిప్పారు. వాళ్ళకు జవాబు నా రెండో తప్పులో దొరికింది. అయితే ఆ జవాబు కోసం ముందు నా పరువే పోయింది.

అద్దం

బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చూడడానికి పాతకాలం నుంచీ ఒక చిట్కా ఉంది. దాన్ని అద్దంలో చూడడం. కుడి ఎడమలు మారితే కన్నుకు కొత్తగా ఉంటుంది, తప్పులు బయటపడతాయి. నా బల్ల సొరుగులో ఇందుకోసమే ఒక చేతి అద్దం ఉండేది. పలకలో అద్దం అక్కర్లేదు. ఒక్క మీట నొక్కితే బొమ్మంతా తిరగబడుతుంది.

పొట్ట లోపలి వెనక గోడ చార్టు చేస్తున్నాను. రెండు కిడ్నీలు, మధ్యలో పెద్ద రక్తనాళాలు. తిరగేసి చూసుకున్నాను, ఒకచోట సరిదిద్దాను, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాను. తిరిగొచ్చి పేర్లు రాసేశాను. వెనక్కి తిప్పడం మరిచిపోయాను.

పేర్లు తర్వాత రాసినవి కాబట్టి తిన్నగానే ఉన్నాయి. చార్టు ప్రింటయి హాల్లో గోడెక్కింది. తొమ్మిది రోజులు అక్కడే ఉంది. విద్యార్థులు దాన్ని చూసి రికార్డుల్లో బొమ్మలు వేసుకున్నారు. లెక్చరర్లు దాని ముందు నిలబడి పాఠం చెప్పారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

పదో రోజు మునిరత్నం నా గదికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మ్యాడం, ఒక మాట సెప్తే ఏమనుకోరు గదా?”

“చెప్పు మునిరత్నం.”

“కుడి కిడ్నీ గదా రొంత కిందికుండేది. పైన లివరు కూసోనుంటాది, దాన్ని కిందికి తోస్తాది. ఈడ మీరు ఎడమదాన్ని దించేసినారు.”

నాకు రోషం వచ్చింది. చూసి గీసిన బొమ్మ, నువ్వు నాకు చెప్పేదేంటి అన్నట్టు మాట్లాడాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. అతను వెళ్ళిపోయాడు. నేను సొరుగులోంచి పెన్సిల్ షీటు తీశాను. అందులో కుడి కిడ్నీయే కింద ఉంది. కాగితం దానంతటది తిరగబడదు కదా. తిరగేసిన బొమ్మను వెనక్కి తిప్పలేదని అప్పుడు తెలిసింది.

అప్పటికి పెద్దసారు రిటైరయ్యారు. కొత్త సారు, అంటే హరితకు ఇప్పుడున్న సారే, మంచి ఉపాయం చెప్పారు. “ప్రింటింగ్ వాళ్ళ పొరపాటని చెప్పేద్దాం. మన డిపార్టుమెంటు పరువు పోకుండా ఉంటుంది.”

“ప్రింటింగోళ్ళు ఏం పాపం సేసినారు సార్? నా పేరే సెప్పండి” అన్నాను.

ఆయన చెప్పలేదు. నేనే ప్రతి బ్యాచి దగ్గరికీ వెళ్ళి, ఈ తప్పు నేను చేశాను, పట్టుకున్నది మునిరత్నం, మీ రికార్డులు దిద్దుకోండి అని చెప్పాను. వెనక బెంచీల్లో నవ్వారు. నవ్వనీ. తప్పు చార్టును పారేయనివ్వకుండా నా గదిలో గోడకు కొట్టుకున్నాను. నాయన పెట్టిన అడ్డగీత లాగే, అది నా కళ్ళ ముందుండాలి.

పలక మీద పనిచేసేవాళ్ళకు ఇక్కడొక మాట. ఏ బొమ్మ మొదలుపెట్టినా అట్టడుగు పొరలో మనిషి కుడిచెయ్యి వైపున ‘కు’ అని రాసుకోండి. అక్షరం తిరగబడి కనిపిస్తే బొమ్మ తిరగబడ్డట్టే. నేను రిటైరయ్యే రోజు దాకా రాశాను.

చంద్రగిరి పెద్దాయన

ఇప్పుడు హరిత అడిగిన గీత సంగతి.

చంద్రగిరి నుంచి ఒక దేహం వచ్చింది. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. నేను పోయాక నా ఒళ్ళు పిల్లల చదువుకు ఇచ్చెయ్యండి అని బతికుండగానే రాసిచ్చాడు. పేరు నాకు తెలుసు, రాయను. హాల్లో ఆయనకు ఒక నంబరు. మునిరత్నం మాత్రం నంబరుతో పిలిచేవాడు కాదు, పెద్దాయన అనేవాడు.

ఒక ఉదయం అతనే వచ్చి పిలిచాడు. “రండి మ్యాడం, మన పెద్దాయనకు ఒకటి జాస్తి ఉండాది.”

వెళ్ళి చూశాను. ఎడమ కిడ్నీకి మహాధమని నుంచి ఒక ధమని వెళ్ళాలి. వెళ్ళింది. దానికి కొంచెం దిగువన ఇంకొకటి సన్నగా బయల్దేరి, వంపు తిరిగి, కిడ్నీ కింది కొనలోకి దూరింది. ఇలా కొంతమందికి ఉంటుంది. జబ్బు కాదు. ఉందని ఆ మనిషికి కూడా తెలిసి ఉండదు.

మూడు రోజులు పెన్సిల్‌తో గీశాను. జాస్తి అంటే తప్పని పెరిగినదాన్ని నేను. నాయన గళ్ళ కాగితం మీదైతే దానికి అడ్డగీత పడేది. ఇక్కడ మాత్రం ఆ సన్నని నాళం వంపు ఎంత అందంగా ఉందంటే, గీసింది చాలక మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. తర్వాత పలక మీద రంగులతో చార్టు చేశాను. విద్యార్థులకు విడిగా చూపించడానికి వీలుగా ఆ నాళాన్ని వేరే పొరలో పెట్టాను. కింద దేహం నంబరు, ‘చూసి గీసినది’ అన్న మాట, నా సంతకం.

సారు చూసి, “బాగుంది. ఆ ఎక్స్‌ట్రా ఒక్కటి తీసెయ్యండి. అబ్‌నార్మల్” అన్నారు.

“ఆయనకు ఉండాది సార్.”

“పుస్తకంలో లేదు కదమ్మా. పరీక్షలో పిల్లలు రెండు ధమనులని చెప్తే మార్కులు పోతాయి. ఫస్టియర్ పిల్లల్ని కంగారుపెట్టడం దేనికి?”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, అది నేను ఒప్పుకుంటాను. “అయితే ఒకటే ధమని ఉన్న ఇంకో దేహం సూసి ఇంకో చార్టు గీస్తాను సార్. పాఠానికి అది పెట్టుకోండి. దీని కింద ఈయన నంబరుండాది. దీంట్లో ఉన్నది తియ్యడానికి లేదు” అన్నాను. ఇంకో చార్టుకు టైము లేదన్నారు. నేను తీయనన్నాను.

మర్నాటికి చార్టు గోడ మీద ఉంది. నాళం లేదు. ఆఫీసులో కంప్యూటర్ చూసే అతనితో ఆ పొర తీయించేశారు. ఒక్క నొక్కు. చెరిపిన మచ్చ కూడా లేదు. కింద మాత్రం ఆ నంబరు, ‘చూసి గీసినది’, నా సంతకం అలాగే ఉన్నాయి. నేను వేరుచేసి పెట్టింది నేర్పడానికి, వాళ్ళకది తీసేయడానికి పనికొచ్చింది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. సొరుగులోంచి పెన్సిల్ షీటు తీసుకెళ్ళి, ఆ చార్టు పక్కనే నాలుగు పిన్నులు కొట్టి పెట్టాను. మధ్యాహ్నానికి పిల్లలు గుంపు కట్టారు. ఏది నిజమని అడిగితే మునిరత్నం వాళ్ళను టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు.

సారు పిలిపించారు. “నన్ను పిల్లల ముందు అబద్ధాలకోరును చేశారు. మీ మీద చర్య తీసుకుంటే ఏం చేస్తారు?”

“తీసుకోండి సార్. ఆ నాళం మీది కాదు, నాదీ కాదు. ఆయనది. డెబ్బై ఏండ్లకు పైగా దాంతోనే బతికినాడు. ఒళ్ళు మొత్తం మనకిచ్చేసినాడు. అందులో ఒకటి మనకు నచ్చలేదని పారేసే హక్కు ఎవురిచ్చినారు మనకు? తియ్యాలంటే నా సంతకం కూడా తీసెయ్యండి.”

ఆయన, “మీ ఇష్టం. మాట వస్తే మీదే బాధ్యత” అన్నారు. మంచిదన్నాను. ఆ రోజే కూర్చుని చార్టు మళ్ళీ చేశాను. ఈసారి వేరే పద్ధతిలో చేశాను.

హరితకు

ఏ లేయర్‌లో ఉందని అడిగావు కదమ్మా. దానికి విడిగా లేయర్ లేదు. మహాధమని, కిడ్నీ, ఆ సన్న నాళం, మూడూ ఒకే పొర. కావాలనే కలిపేశాను. దాన్ని చెరపబోతే కిడ్నీ కింది కొన కూడా చెరుగుతుంది.

ఆయన ఒంట్లోనూ అంతే. ఆ కొనకు నెత్తురు తెచ్చేది అదొక్కటే. పుస్తకంలో లేదు కదా అని ఏ సర్జనైనా దాన్ని కోసేస్తే కిడ్నీలో ఆ ముక్క చచ్చిపోతుంది. నువ్వు తీసేయబోతున్న గీత అది. రేపు కత్తి పట్టుకునే పిల్లలే నీ బోర్డు ముందు కూర్చుంటారు.

నీకు పనితనం ఉంది. దాని మీద రంగు పూసి, ఎవరికీ తెలియకుండా కప్పెయ్యగలవు. అలా చేస్తే కింద ఉన్న నంబరు తీసెయ్యి, నా సంతకం తీసెయ్యి, నీ పేరు రాసుకో. పేరు రాసేముందు ఒకసారి ఆలోచించు.

సారుకు ఒకే ధమని ఉన్న బొమ్మ కావాలంటే దానికీ దారి ఉంది. మునిరత్నాన్ని అడుగు, అలాంటి దేహం ఏదో అతనికి తెలుస్తుంది. పలక గదిలోనే పెట్టి, పెన్సిల్ తీసుకుని టేబుల్ దగ్గరికి పో. ఉన్నది ఉన్నట్టు గియ్యి.

రబ్బరు మాత్రం తీసుకుపోవద్దు.